పెరట్లో ధ్యానం అరుగు: మే నుంచి నవంబరు దాకా పని డైరీ

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లె. పెరట్లో కొబ్బరి చెట్ల మధ్య ధ్యానానికి ఒక అరుగు, దాని మీద తాటాకు పందిరి వేసుకున్నాం. 2025 మేలో మొదలైన పని నవంబరులో ముగిసింది. ఈ మధ్యలో అరుగు ఒకసారి పూర్తిగా పగలగొట్టి మళ్ళీ కట్టాం, పందిరి ఒకసారి విప్పి మళ్ళీ కప్పాం. వీడియోల్లో చూపించే ధ్యానం తోటలన్నీ గట్టి నేల మీద కట్టినవి. మనది రేగడి. పైగా కాలువలకి నీళ్ళొదిలితే పెరట్లో చెమ్మ పైకొచ్చే ఊళ్ళు మనవి. ఇలాంటి నేల మీద కట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం కొలతలు, ఖర్చులు, తప్పులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

అవసరం ఎందుకొచ్చిందంటే, ఏలూరు దగ్గర విజయరాయిలో పది రోజుల విపశ్యన శిబిరం చేసొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోవాలని నియమం పెట్టుకున్నాను. ఇంట్లో అయిదుగురం ఉంటాం, ఉన్నది రెండు గదులు. మా అత్తయ్య గారు కూడా నాతో కూర్చుంటానన్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కాబట్టి కొలతలన్నీ ఇద్దరికి, అందులో ఒకరు కింద కూర్చోలేరు అన్న లెక్కతో వేసినవి.

దశ 1: చోటు వెతకడం (మే 1 నుంచి 12)

వేసవి సెలవులు కాబట్టి టైముంది. గునపం ముట్టుకోకుండా ముందు చాప పట్టుకెళ్ళి నాలుగు చోట్ల మూడేసి రోజులు కూర్చున్నాను. ఈ పన్నెండు రోజులే మొత్తం పనిలో నాకు బాగా కలిసొచ్చినవి. చూడ్డానికి బాగున్న చోటు వేరు, కూర్చుంటే తెలిసే చోటు వేరు.

1. మామిడి చెట్టు కింద: పెరడంతటికీ మంచి నీడ. గండు చీమలు మాత్రం చెట్టు నిండా ఉన్నాయి. 9 నిమిషాలకే లేవాల్సి వచ్చింది.
2. పంట కాలువ వైపు చివర: గాలి బాగుంటుంది. అయితే వేసవిలో కాలువ కట్టేశాక అడుగున మిగిలిన గుంటల్లో నీరు కుళ్ళి వాసన, దోమలు.
3. నూతి పక్కన: పక్కింటి మోటారు మోత నేరుగా వస్తుంది.
4. నాలుగు కొబ్బరి చెట్ల మధ్య: ఇదే ఖాయం చేశాం.

కొబ్బరి చెట్ల కింద కూర్చోవడమంటే భయమే కదా, అందుకని కొలిచాను. మా మామయ్య గారు 25 అడుగుల దూరంలో చదరంగా నాటించారు. నాలుగు చెట్ల సరిగ్గా మధ్య బిందువు ఒక్కో మొదలుకి 17 అడుగుల 8 అంగుళాల దూరంలో పడుతుంది. ఆ పన్నెండు రోజుల్లో రాలిన మట్టలు ఏడు. పడ్డ చోట పుల్ల పాతి టేపుతో చూస్తే, అన్నిటికంటే దూరం పోయిన మట్ట కొస మొదలు నుంచి 11 అడుగులు. కాయలన్నీ 6 అడుగుల లోపే పడ్డాయి. 8 అడుగులు, 7 అడుగుల అరుగు మధ్యలో పెడితే దాని మూలలు మొదళ్ళకి 12 అడుగుల పైన ఉంటాయి. పని మొదలెట్టే ముందు దింపు (చెట్లెక్కించి కాయలు దించడం) కూడా చేయించి ఎండు మట్టలన్నీ తీయించాం. ఇప్పుడు కూడా దింపు ఆలస్యమైతే ఆ వారం అరుగు ఎక్కను.

ఇక్కడే ఇంకో సంగతి తెలిసింది. మూడో రోజు చాప మడుస్తుంటే అరచేతికి జిగురు తగిలింది. సన్నసన్న చుక్కలు, పంచదార పాకం ఆరినట్టు. తలెత్తి చూస్తే ఆకుల అడుగున తెల్లటి వలయాలు వలయాలుగా సర్పిలాకార తెల్లదోమ అనే రసం పీల్చే పురుగు. దాని నుంచి కారే తేనె బంక కింద దేని మీద పడినా కొన్నాళ్ళకి నల్లటి మసి బూజు పడుతుంది. కొబ్బరి తోటలో పైకప్పు లేని అరుగు కుదరదని అప్పుడే తేలింది. వాన సంగతి ఆ తర్వాత.

ఖర్చు ఇప్పటిదాకా: సున్నా.

దశ 2: మొదటి అరుగు (మే 14 నుంచి 20)

ఇది తప్పు పద్ధతి. చేసింది చేసినట్టు రాస్తున్నాను, ఇలా మాత్రం కట్టొద్దు.

1. 8 × 7 అడుగులకి తాడు పట్టి ముగ్గు పోశాం. మూలమట్టం సరిచూడ్డానికి 3, 4, 5 అడుగుల లెక్క (మూల నుంచి ఒక వైపు 3, రెండో వైపు 4 కొలిస్తే ఆ రెండు గుర్తుల మధ్య 5 రావాలి) వాడాం.
2. చుట్టూ 6 అంగుళాల లోతు గాడి తవ్వి, నేరుగా మట్టి మీదే ఇటుక పెట్టి, నేలకి అడుగు ఎత్తు గోడ లేపాం.
3. లోపలికి గాడిలో తవ్విన మట్టి, పెరట్లో గట్టు చెక్కిన మట్టి పోశాం. మేలో రేగడి రాయిలా ఉంటుంది, పెళ్ళలు పెళ్ళలుగానే పడింది.
4. పైన దిమ్మిస కొట్టి, కడప పలకలు పరిచి, సందుల్లో సిమెంటు పూశాం.

ఇసుక పోయించమని మేస్త్రి గారు మొదటి రోజే చెప్పారు. ట్రాక్టరు ఇసుక డబ్బులు మిగులుతాయని, ఇంట్లో ఉన్న మట్టే చాలని నేనే పట్టుబట్టాను.

ఖర్చు: ఇటుకలు 400, రూ. 3,200. సిమెంటు 3 బస్తాలు, రూ. 1,020. తాపీ పనికి ఇసుక గోతాలు, రూ. 600. కడప పలకలు 60 చదరపు అడుగులు, రూ. 2,520. మేస్త్రి 2 రోజులు, రూ. 2,000. కూలీ 2 రోజులు, రూ. 1,400.

మొత్తం ఇప్పటిదాకా: రూ. 10,740.

దశ 3: కుంగింది (జూన్, జూలై)

జూన్ మొదట్లో కాలువలకి నీళ్ళొదిలారు. మేలో మా నూతిలో నీళ్ళు నేల మట్టానికి 8 అడుగుల కింద ఉండేవి. జూలై 20న తాడుకి రాయి కట్టి చూస్తే 2 అడుగుల కిందే ఉన్నాయి. రెండు రోజులు ముసురు పట్టాక అడుగున్నరకి వచ్చేశాయి. నుయ్యి ఉన్నవాళ్ళకి అంతకంటే మంచి కొలబద్ద లేదు. వేసవిలో ఒకసారి, కాలువలు పారేటప్పుడు ఒకసారి చూసి రాసుకుంటే మీ పెరట్లో ఎంత లోతు తవ్వొచ్చో అదే చెబుతుంది.

అరుగు సంగతి ముందు కనిపెట్టింది అత్తయ్య గారు. పలకల మధ్య నీళ్ళు నిలిచి ఉన్నాయి, అంచు మీద పాచి పట్టింది. కాలు పెట్టగానే జర్రున జారి పందిరి గుంజ కోసం చెయ్యి చాపారు, అప్పటికింకా పందిరే లేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను. ఆ రోజు నుంచి పని అయ్యేదాకా ఆవిణ్ణి అటు రానివ్వలేదు.

మరునాడు ట్యూబ్ లెవల్ తో కొలిచాం. సన్న ప్లాస్టిక్ గొట్టం పది మీటర్లది, నీళ్ళు బాగా కనబడ్డానికి అందులో కాస్త బట్టల నీలం కలిపాం. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత తప్పు వస్తుంది, అందుకని ఒక కొస పైకెత్తి పట్టుకుని, వేలితో తట్టుకుంటూ, బుడగలన్నీ పోయేదాకా ఆగాలి. తర్వాత ఒక కొస వాయవ్యం మూల కర్రకి కట్టి, రెండోది ఒక్కో చోటికీ తీసుకెళ్ళి నీలి గీత దగ్గర పెన్సిలు గుర్తు పెట్టాం. మూలలు నాలుగూ దాదాపు సమానమే, మధ్యలో మాత్రం ఒకటి ముప్పావు అంగుళం కుంగింది. పడమటి గోడ బయటికి ఉబ్బి 4 మిల్లీమీటర్ల బీట.

మేస్త్రి గారు వచ్చి చూసి, "టీచర్ గారండీ, మన రేగడి ఎండాకాలం రాయండి, వానాకాలం ముద్దండి. పెళ్ళలుగా పోశాం కదండీ, నీళ్ళు తాగి కరిగి కిందికి కూర్చుంది. కూర్చున్నది ఊరుకోదండి, ఉబ్బి గోడని తోస్తది" అన్నారు. ముందే చెప్పానని ఒక్క మాట అనలేదు ఆయన.

మధ్యలో పలకలు లేపి కొంచెం ఇసుక పోసి సరిపెడదామా అని కూడా ఆలోచించాం. కానీ అడుగున మట్టి అలాగే ఉంటే వేసవిలో ఎండి ముడుచుకుంటుంది, మళ్ళీ జూన్ లో ఉబ్బుతుంది, ఏటా ఇదే పని. పగలగొట్టేద్దామనుకున్నాం.

రెండోసారి కట్టింది (జూలై 26 నుంచి ఆగస్టు 3)

ఎత్తు గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. లోతుకి వెళ్ళడానికి లేదు, నీళ్ళు పైనే ఉన్నాయి. కాబట్టి పైకే లేపాలి. రెండడుగులన్నాను నేను. అత్తయ్య గారు భగవద్గీత ఆరో అధ్యాయంలో ఆసనం మరీ ఎత్తుగా ఉండకూడదు, మరీ పల్లంగా ఉండకూడదు అని ఉందిగా అని గుర్తుచేశారు. చివరికి కుర్చీ ఎత్తు కొలిచి అడుగున్నర దగ్గర ఆగాం. ఆ ఎత్తైతే ఆవిడ అంచు మీద కుర్చీలో కూర్చున్నట్టే కాళ్ళు కిందికి వదిలి కూర్చోవచ్చు, లేవడానికి ఎవరూ చెయ్యి ఇవ్వక్కర్లేదు.

1. పలకలు జాగ్రత్తగా తీసి వెనక సుద్దతో నంబర్లు వేశాం. ఒక్కటి కూడా పగల్లేదు. ఇటుకలు 400లో 280 పనికొచ్చాయి.
2. లోపలి మట్టి మొత్తం ఎత్తి కొబ్బరి పాదుల్లో వేశాం.
3. గాడి 9 అంగుళాల లోతు తవ్వి, అడుగున ఇటుక ముక్కలు, ఇసుక వేసి నీళ్ళు పోసి దిమ్మిస కొట్టాం. అడుగు వరస ఇటుకన్నర వెడల్పు, పైన ఇటుక వెడల్పు.
4. నేలకి రెండంగుళాల పైన, ఒక్కో గోడకి ఒకటి చొప్పున రెండంగుళాల పైపు ముక్కలు పెట్టాం. లోపల చేరిన నీళ్ళు వాటిలోంచి బయటికి పోతాయి. ఇసుక జారకుండా లోపలి వైపు దోమల జాలీ ముక్క కట్టాం.
5. గోడ ఆరాక ఇసుకని ఆరు అంగుళాల మందం పొరలుగా పోసి, ఒక్కో పొరకి నీళ్ళు పెట్టి దిమ్మిస. నాలుగు పొరలు. మర్నాటికి ఇంకో అంగుళం దిగింది, మళ్ళీ పోశాం. ఈ ఒక రోజు ఆగడం మానొద్దు.
6. పలకలు గరుకు వైపు పైకి ఉండేలా పరిచాం. దక్షిణం నుంచి ఉత్తరానికి ముప్పావు అంగుళం వాటం. సందులు పావు అంగుళం, వాటిలో సిమెంటు లేదు, ఇసుకే.

సందుల్లో సిమెంటు ఎందుకు మానేశామంటే, పైన పడ్డ నీళ్ళు కొంత వాటానికి జారిపోతాయి, మిగిలింది సందుల్లోంచి ఇసుకలోకి దిగి పైపుల్లో బయటికి వస్తుంది. ఎక్కడైనా పలక కుంగినా ఆ ఒక్కటి లేపి ఇసుక సర్దుకోవచ్చు, గోడ ముట్టుకోనక్కర్లేదు.

ఖర్చు: ఇసుక ట్రాక్టరు, రావులపాలెం నుంచి, రూ. 3,300. ఇటుకలు 320, రూ. 2,560. సిమెంటు 3 బస్తాలు, రూ. 1,020. పైపు, జాలీ రూ. 450. మేస్త్రి 3 రోజులు, రూ. 3,000. కూలీ 3 రోజులు, రూ. 2,100. కలిపి రూ. 12,430.

మొత్తం ఇప్పటిదాకా: రూ. 23,170. మొదటిసారే ఇసుక పోయించి ఉంటే ఇందులో రూ. 5,980 మిగిలేది: విరిగిన ఇటుకలు, సిమెంటు, తాపీ ఇసుక, రెండు రోజుల కూలి.

దశ 4: పందిరి (ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు 14)

రేకులు వద్దనుకున్నాం. వాన పడితే రేకు కింద మాట వినపడదు, ఎండకి సెగ. తాటాకు చల్లన, చప్పుడు ఉండదు, తెల్లదోమ బంక దాని మీదే ఆగిపోతుంది. కాకపోతే రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ కప్పించాలి, కప్పేవాళ్ళు దొరకడమే కష్టం. మా పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన, ఆయన అల్లుడు వచ్చారు.

గుంజలకి సరుగుడు బాదులు ఆరు. మట్టిలో పాతలేదు. మా దొడ్డి తలుపు గుంజ రెండేళ్ళకే నేల మట్టం దగ్గర చెద తినేసింది, అది చూశాక మళ్ళీ పాతే ధైర్యం లేదు. అరుగు బయట అడుగు చదరం కాంక్రీటు దిమ్మలు వేసి, అందులో ఇనుప పట్టీలు నిలబెట్టి, బాదు అడుగుకి తారు పూసి పట్టీల మధ్య బోల్టు బిగించాం. గాలికి పందిరి పైకి లేచిపోకుండా పట్టుకునేది ఈ బోల్టే, కాబట్టి ఈ పట్టీల దగ్గర డబ్బులు చూసుకోవద్దు.

ఇక్కడ నా రెండో తప్పు. పందిరి కిందికి, ఒద్దికగా కనబడాలని వెన్ను ఎత్తు తగ్గించమన్నాను. మధ్య నుంచి చూరు దాకా 5 అడుగుల వెడల్పుకి రెండున్నర అడుగులే వాటం వచ్చింది. "ఇది చాలదమ్మా, నీరు ఆకు మీద నడవకూడదు, పరిగెత్తాలి" అన్నాడు పెద్దాయన. ఆగస్టు 27న వాన మొదలైన నలభై నిమిషాలకి మధ్య వాసం పక్క నుంచి చుక్క, తర్వాత మూడు చోట్ల. తాటాకు అంటే రేకు కాదు, ఆకు మీద ఆకు ఉండి నీళ్ళని దింపుతుంది అంతే, వాటం తక్కువైతే నీళ్ళు ఆకుల మధ్యకి వెనక్కి పాకుతాయి.

మార్పు: మధ్య బాదులు రెండూ పొడుగువి వేయించి వాటం 5 అడుగులకి 5 అడుగులు చేశాం, అంటే 45 డిగ్రీలు. అదనంగా 40 ఆకులు పట్టాయి. సెప్టెంబరు 14 తర్వాత ఒక్క చుక్క కారలేదు. చూరు అరుగు అంచు దాటి అడుగున్నర బయటికి ఉంది. అయినా చూరు నీళ్ళు నేల మీద పడి ఎగిరి గోడకి బురద కొట్టాయి. చూరు కింద అడుగు వెడల్పున ఇటుక ముక్కలు పరిస్తే ఆగింది.

ఖర్చు: మొదటి విడత రూ. 10,260 (బాదులు 2,100, వెదురు వాసాలు 1,920, తాటాకు 120 ఆకులు 1,440, కొబ్బరి తాడు, తీగ 520, తారు 180, పట్టీలు, బోల్టులు 1,100, కూలి 3,000). రెండో విడత రూ. 3,380.

మొత్తం ఇప్పటిదాకా: రూ. 36,810.

దశ 5: దోమలు, తొట్టె, పాములు

డెల్టాలో ఆరుబయట సాయంత్రం కళ్ళు మూసుకుని కూర్చోవాలంటే దీన్ని దాటాల్సిందే. జూలైలో ఒకరోజు లెక్కపెట్టాను, పది నిమిషాల్లో 14 కాట్లు. చేసి చూసినవి:

1. కొబ్బరి పీచు, వేపాకు పొగ: దోమలు తగ్గాయి, కానీ నేను గమనించాల్సింది శ్వాసని. పొగలో అది కుదరదు, అత్తయ్య గారికి దగ్గు.
2. టేబుల్ ఫ్యాను: పనిచేసింది. తడిలో కరెంటు వైరు లాగడం నాకిష్టం లేక తీసేశాను.
3. దోమతెర: 6 × 6 అడుగులది, వెన్ను దూలానికి వేలాడదీసి అంచులు చాప కిందికి మడిచాం. ఇదే ఉంచాం. రూ. 1,150.

నీళ్ళు ఎదురుగా ఉంటే బాగుంటుందని ఒక సిమెంటు తొట్టె తెచ్చి కలువ వేశాను. ఆరో రోజుకి నీళ్ళలో తోక పురుగులు, అంటే దోమ పిల్లలు, గింగిరాలు తిరుగుతున్నాయి. నీళ్ళు పారబోస్తే సరిపోదు. డెంగీ తెచ్చే పగటి దోమ తొట్టె గోడకి నీటి అంచున గుడ్లు పెడుతుంది, అవి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా తోమి, కొత్త నీళ్ళు పోసి, పది గప్పీ చేపలు వేశాను. మూడో రోజుకి పురుగు లేదు.

అయితే తొట్టెకి కప్పలు చేరాయి, కప్పల కోసం ఒక నీరుకట్టె కూడా వచ్చింది. దానికి విషం లేదు. కానీ మా వైపు కట్లపాము కూడా ఉంది, అది రాత్రిళ్ళే తిరుగుతుంది, నేను వెళ్ళేది తెల్లవారుజాము చీకట్లో. అందుకని తొట్టె 20 అడుగుల దూరానికి జరిపాం, అరుగు చుట్టూ మూడడుగులు గడ్డి లేకుండా ఇసుక పరిచాం (ట్రాక్టరులో మిగిలింది), పక్కనే ఉన్న కట్టెల మోపు వంటింటి వైపుకి మార్చాం. టార్చి వేసి చాప దులపకుండా కూర్చోను.

తొట్టె, కలువ రూ. 1,050, చేపలు రూ. 100. మొత్తం ఇప్పటిదాకా: రూ. 39,110.

దశ 6: చప్పుళ్ళు

ఫోన్ లో డెసిబెల్ యాప్ వేసుకుని అరుగు మీద కొలిచాను. ఫోన్ అంకెలు అసలు మీటరంత కచ్చితంగా ఉండవు, ఒకే ఫోన్ తో ముందుకీ తర్వాతకీ తేడా చూసుకోవడానికి చాలు.

తెల్లవారుజామున 4:45కి: 33
5:10కి గుడి మైకు మొదలయ్యాక: 54
6:00కి పక్కింటి మోటారు: 61

కడియం వెళ్ళి దురంతా మొక్కలు పన్నెండు తెచ్చి ఒక వరస నాటాను, చప్పుడు తగ్గుతుందనుకుని. మైకు 54 కాస్తా 53 అయింది, అంతే. ఒక్క వరస ఆకుల్లోంచి శబ్దం మామూలుగానే దూరి వస్తుంది. మొక్కలు పీకలేదు, దారిన వెళ్ళేవాళ్ళు కనబడకుండా అడ్డుంటాయని ఉంచాను, కానీ చప్పుడు కోసమైతే ఆ రూ. 1,120 పెట్టొద్దు.

మోటారుకి మాత్రం మందు దొరికింది. అది సిమెంటు గట్టు మీద నేరుగా బిగించి ఉంది, గట్టు మొత్తం మోగుతోంది. వెళ్ళి అడిగాను, "పిన్నిగారూ, మీ మోటారు కింద రబ్బరు షీటు వేయిస్తానండి, మీకేం అభ్యంతరం లేదు కదా?" "అయ్యో, దానికేముందమ్మా, ఆ మోతకి మాకే నిద్ర పట్టట్లేదు" అన్నారావిడ. రూ. 250 షీటు, అరగంట పని. 61 నుంచి 52కి వచ్చింది. ఇన్నాళ్ళూ అడగకుండా చెవిలో దూది పెట్టుకుని కూర్చున్నాను.

గుడి మైకుని తప్పుపట్టలేను, దానితోనే ఊరు లేస్తుంది. నా టైమే మార్చుకున్నాను, 4:10 నుంచి 5:10. మైకు మొదలైతే నా గంట అయిందని గుర్తు.

మొత్తం ఇప్పటిదాకా: రూ. 40,480.

దశ 7: తెల్లదోమ, ఎండ, ఆసనం

అక్టోబరు మొదట్లో వానలు తెరిపివ్వగానే తెల్లదోమ మళ్ళీ కనబడింది. పురుగు మందు కొట్టొద్దని తోటల వాళ్ళు చెబుతారు, దాన్ని తినే మిత్ర పురుగులు కూడా చచ్చిపోతాయి కాబట్టి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు ఐసేరియా అనే శిలీంధ్రాన్ని ఇస్తున్నారు, అది తెచ్చి నాలుగు చెట్లకీ ఆకు అడుగు తడిసేలా సాయంత్రం పూట కొట్టించాం. స్ప్రేయర్ అద్దెతో కలిపి రూ. 300.

ఎండకి తూర్పు వైపు తడిక మేలోనే అల్లించి ఉంచాను, అప్పుడు సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి వచ్చేవాడు. అక్టోబరు సెలవు రోజుల్లో ఏడింటికి కూర్చుంటే ఎండ తడిక పక్క నుంచి ఆగ్నేయం వైపుగా నేరుగా మొహం మీదికి. మన దగ్గర జూన్ కీ డిసెంబరుకీ మధ్య సూర్యుడు ఉదయించే చోటు దాదాపు 49 డిగ్రీలు జరుగుతుంది. తడిక బిగించేయకుండా రెండు కొక్కేలకి వేలాడదీశాను, ఇప్పుడు ఎటు కావాలంటే అటు జరుపుకుంటున్నాం.

తుంగ చాప పలక మీదే వదిలేస్తే నాలుగు రోజులకి బూజు. రోజూ చుట్టి లోపల పెట్టాలి. కింద కొబ్బరి పీచు పట్టా ఉంటే చలవ ఎక్కదు.

మొత్తం ఇప్పటిదాకా: రూ. 40,780.

దశ 8: తుఫాను (అక్టోబరు 27 నుంచి నవంబరు 9)

మొంథా తుఫాను హెచ్చరికలు రాగానే దోమతెర, తడిక, చాపలు ఇంట్లోకి తెచ్చేశాం. ఆకు మీద నుంచి నైలాను తాళ్ళు నాలుగు అడ్డంగా వేసి బాదుల అడుగున పట్టీలకి కట్టాం. దింపు సెప్టెంబరు చివర్లోనే అయింది కాబట్టి కాయ బరువు తక్కువ. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రంతా కిటికీ సందులోంచి కొబ్బరి తలలు తిరగడం చూస్తూనే ఉన్నాం, పందిరి గురించి కాదు టెన్షన్, ఇంటి మీద చెట్టు పడకుండా ఉంటే చాలని.

తెల్లారాక చూస్తే:
1. బాదులు, బోల్టులు, దిమ్మలు కదల్లేదు.
2. తూర్పు వైపు చూరు ఆకులు చిరిగి లేచిపోయాయి, దాదాపు 30.
3. ఒక మట్ట నైరుతి మూల పందిరి మీద పడి వాసం వంచింది. దశ 1లో లెక్క అరుగు మూలకి వేశాను కానీ చూరు మూలకి వేయలేదు. చూరు మూల మొదలుకి 10 అడుగుల 3 అంగుళాలే ఉంది. మీరు కొలిచేటప్పుడు చూరు అంచు నుంచి కొలవండి.

బాగుచేయడానికి ఆకులు రూ. 360, కూలి రూ. 1,000, తాళ్ళు రూ. 300. వంగిన వాసం తీసి, పాతవాటిలో మిగిలిన బొంగు వేశాం.

మొత్తం: రూ. 42,440.

నవంబరు 9, ఆదివారం

నీలి గొట్టం మళ్ళీ తీశాం. గొట్టం ఒక కొస అత్తయ్య గారు పట్టుకున్నారు, అరుగు అంచున కాళ్ళు వదిలి కూర్చుని. ఆగస్టు 3న గోడ మీద వేసిన పెన్సిలు గుర్తులతో పోలిస్తే:

వాయవ్యం: తేడా లేదు
ఈశాన్యం: తేడా లేదు
ఆగ్నేయం: 1 మిల్లీమీటరు కిందికి
నైరుతి: 2 మిల్లీమీటర్లు కిందికి
మధ్య పలక: 3 మిల్లీమీటర్లు కిందికి

ఉత్తరం గోడ పైపులోంచి ఇంకా సన్నగా నీళ్ళు వస్తున్నాయి, ఇసుక రావట్లేదు. నూతిలో నీళ్ళు నేలకి మూడడుగుల కింద. వేసవిలో కాలువలు కట్టేశాక, రేగడి ఎండి బీటలు తీసే రోజుల్లో, ఇవే అయిదు చోట్ల మళ్ళీ కొలిచి ఇక్కడే రాస్తాను.